నాలుగు వేళ్ళ జాగా

జనాభా గొడుగు మనిషిని లిఫ్టు ముందునుంచి లేపి గేటు దగ్గర నిలబెట్టాడు. అదీ బాగోలేదు. గేటు దగ్గర గొడుగేసుకుని ఒక్కడే నిలబడితే ఎవరో రమ్మని చెప్పి తీరా రాకుండా పోయినట్టుంది. అందుకని పొడుగు జడ ఆవిణ్ణి తెచ్చి పక్కన పెట్టాడు. ఇద్దరూ కాస్త ఎడంగా, ఒకే వైపు చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు ఫరవాలేదు, ఏదో మాట్లాడుకుంటున్నట్టున్నారు. స్కూలు సంచీ పిల్లని మెట్ల మీదికి పంపించాడు. వెనక్కి చేతులు కట్టుకున్న పెద్దాయన్ని బెంచీ పక్కకి జరిపాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కుర్చీలో వెనక్కి జరిగి, తెరని కాసేపు అలాగే చూశాడు.

ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో అతని పని అదే. గోడలు వేరేవాళ్ళు గీస్తారు. తలుపులు, కిటికీలు, కుళాయిలు, కరెంటు తీగలు, ఒక్కోదానికీ ఒక్కొక్కరు ఉన్నారు. అంతా అయ్యాక అందులో మనుషుల్ని పెట్టటం మాత్రం అతని వంతు. మనిషి లేని బొమ్మలో గది ఎంత పెద్దదో చూసేవాడికి అందదు, అది గదో అగ్గిపెట్టో తెలీదు. పక్కన ఒక మనిషిని నిలబెడితే చాలు, కొనేవాడు వెంటనే తన్ను అక్కడ నిలబెట్టుకుని చూసుకుంటాడు. కంప్యూటర్లో ఒక్కో బొమ్మమనిషినీ ఒక బ్లాకు అంటారు. ఒకసారి గీసి దాచుకుంటే ఎన్ని ఇళ్ళలోనైనా దించుకోవచ్చు. ఆ మనిషి అరిగిపోడు, ముసలాడైపోడు, ఇంకెన్నిసార్లు నిలబెడతావయ్యా అని విసుక్కోడు.

మేడమ్ ఒకసారి ఏదో హడావిడిలో "మన జనాభా ఏరీ?" అని అడిగింది. అంతే, ఆ పేరు బంకలా అంటుకుపోయింది. అసలు పేరు జీతాలు చూసే అమ్మాయికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అతనికి కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. ఫోనెత్తినప్పుడు తనే "నేనండీ, జనాభాని" అనటం మొదలుపెట్టాడు. పొడుగ్గా, సన్నగా, మెడ కొంచెం ముందుకి వంచి నడుస్తాడు. కుర్చీలో ఎప్పుడూ సగం మీదే కూర్చుంటాడు, మిగతా సగం ఇంకెవరికో కావాల్సి వస్తుందేమో అన్నట్టు. నోట్లో నాలుక లేని మనిషి. పండుగ సెలవులకి ముందు అందరూ కలిసి ఫోటో దిగితే అందులో అతని భుజం మాత్రం పడుతుంది.

అతను ఉద్యోగంలో చేరినప్పుడు కంప్యూటర్లు లేవు. పల్చటి కాగితాల మీద అచ్చొత్తిన మనుషులు దొరికేవాళ్ళు. ఆ కాగితాన్ని బొమ్మ మీద పరిచి పెన్సిలు వెనక కొసతో రుద్దితే మనిషి ఇటు దిగేవాడు. గట్టిగా రుద్దితే కాలో చెయ్యో అటే ఉండిపోయేది. అతని చేతిలో ఒక్క మనిషికి కూడా కాలు ఊడలేదు. కంప్యూటర్లు వచ్చాక ఆఫీసువాళ్ళు ఎక్కణ్ణుంచో ఓ మూటెడు బొమ్మల్ని కొని పడేశారు. వాళ్ళందరూ పరిగెత్తేవాళ్ళే, లేకపోతే కుక్కల్ని పట్టుకుని షికారు తిరిగేవాళ్ళే. ఊరికే కూర్చున్నవాడు ఆ మూటలో ఒక్కడు లేడు. జనాభా నెలల తరబడి బస్టాపులో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూసి, తన మనుషుల్ని తను గీసుకున్నాడు. గొడుగాయన అలా వచ్చినవాడే. జడావిడ, సంచీ పిల్ల, చేతులు కట్టుకున్న పెద్దాయన, బరువు మోసే జత, చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి, ఎవరూ ఎక్కడికీ పరిగెత్తరు. ఒక్కరికీ మొహం మాత్రం ఉండదు. మొహం గీస్తే కొనేవాడి కళ్ళు దాని మీదే ఆగిపోతాయి, గోడలు చూడడు. కొలత కూడా అందరికీ ఒకటే. మగవాళ్ళందరిదీ ఒక పొడుగు, ఒక భుజాల వెడల్పు. ఆడవాళ్ళందరిదీ ఇంకొకటి.

"మీ ఊళ్ళో లావుపాటివాళ్ళు లేరా జనాభా గారూ?" అంటుంది పక్కసీటావిడ, నెలకోసారైనా. ఆవిడ మెట్లూ, బాత్రూములూ గీస్తుంది. "మా అత్తగారి లాంటి మనిషిని ఒక్కర్ని పెట్టండి, నా మెట్లు నిలుస్తాయో లేదో తేలిపోతుంది."

"మన కొలతల పుస్తకంలో ఉన్నది అదేనండీ," అంటాడు అతను.

ఆ ఉదయం మేడమ్ వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. మేడమ్ మంచి మనిషే, గొంతెత్తదు, పేరున్న ఆర్కిటెక్టు. చేతిలో కాఫీ కప్పు పట్టుకుని తెర మీదికి వంగింది.

"గేటు దగ్గర బాగుందండీ. ఇద్దర్ని పెట్టి మంచి పని చేశారు. ఒంటరి మనిషి ఉంటే ఇల్లు అమ్ముడుపోదు."

"అవునండీ."

"ఈ హాలే ఇరుగ్గా కనిపిస్తోంది. గోడలు జరపలేం గదా. మనుషుల్ని ఓ పిసరు తగ్గించండి."

అది మామూలే. జనాభా హాల్లో ఉన్నవాళ్ళందర్నీ ఒక్కసారి పట్టి, మీట నొక్కి తగ్గించాడు. సోఫా మీద కూర్చున్నాయన, నీళ్ళ గ్లాసు అందిస్తున్నావిడ, నేల మీద ఆడుకుంటున్న పిల్లాడు, ఎవరూ చీమ కుట్టినట్టయినా అనుకోలేదు. పైకప్పు అమాంతం పైకి లేచింది. హాలు కళ్ళ ముందే కళ్యాణమండపమంత అయింది. మేడమ్ కాఫీ తాగుతూ వెళ్ళిపోయింది.

"పాపం, తిండి మానిపించేశారా వాళ్ళ చేత?" అంది పక్కసీటావిడ తల తిప్పకుండానే. జనాభా నవ్వాడు. నవ్వు బయటికి వినిపించదు గనక ఆవిడకి తెలియలేదు.

మధ్యాహ్నం డబ్బా విప్పేసరికి ఫోను మోగింది. ఆ వేళకి ఫోను చేసే మనిషి అతనికి ఈ ప్రపంచంలో ఒక్కతే.

"తింటున్నావా?" అంది అక్క.

"ఇప్పుడే విప్పాను. నువ్వు తిన్నావా?"

"తిన్నాలే. ఇవాళ ఎవరెవరొచ్చారు నీ దగ్గరికి?"

"అందరూ వచ్చారు. గొడుగాయన్ని గేటు దగ్గర పెట్టాను."

"ఒక్కణ్ణేనా?"

"లేదక్కా, జడావిడ కూడా ఉంది."

"హమ్మయ్య. ఎన్నేళ్ళనుంచి నిలబెడుతున్నావురా వాళ్ళిద్దర్నీ! మధ్యలో నువ్వైనా ఓ మాట కలిపి పుణ్యం కట్టుకోకూడదూ."

అతని బొమ్మమనుషులందరూ అక్కకి తెలుసు. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఆమె అడిగే మొదటి సంగతి వాళ్ళ గురించే. పెద్దాయన చేతులు వెనక్కి ఎందుకు కట్టుకున్నాడో ఆమె కనిపెట్టింది, కొడుకు మీద అలిగాడట. సంచీ పిల్లకి లెక్కలు రావట. జనాభా ఊఁ కొడుతూ గిన్నెలు కడుగుతుంటే, ఆమె కిటికీ పక్క కుర్చీలో దుప్పటి చుట్టుకుని కూర్చుని వాళ్ళ సంసారాలు చక్కబెడుతుంది. కిటికీలోంచి పక్క మేడ గోడ తప్ప ఏమీ కనిపించదు. గోడ మీద ఒక పాత గొట్టం, గొట్టం మీద అప్పుడప్పుడు ఒక పావురం.

అక్క సినిమాహాల్లో టిక్కెట్లు ఇచ్చేది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు ఆమెకి కొత్తగా ఆ ఉద్యోగం వచ్చింది, అతను ఇంకా బడికి వెళ్తున్నాడు. ఆ టిక్కెట్ల డబ్బుతోనే అతను చదివాడు, గీయటం నేర్చుకున్నాడు. ఆమెకి వచ్చిన సంబంధాలు వచ్చాయి, పోయాయి. అతనికి వచ్చినవీ అంతే. ఎందుకు పోయాయో ఇద్దరిలో ఒకరు కూడా రెండోవాళ్ళని అడగలేదు. టిక్కెట్ల గది గోడకి చెయ్యి పట్టేంత కన్నం ఒకటే ఉండేది. దానిలోంచి చేతులొచ్చేవి, పోయేవి. అప్పట్లో అక్క భారీ మనిషి. ఆమె కూర్చుంటే ఆ గదిలో ఇంకో కుర్చీకి చోటుండేది కాదు. హాలు మూసేసి, మోకాళ్ళు మొరాయించి, ఆపరేషన్ చేసినా అవి మాట వినక, చివరికి ఆమె మూడో అంతస్తులో ఆ రెండు గదుల్లో ఉండిపోయింది. గోడ పట్టుకుని ఇంట్లో నడుస్తుంది. వంట చేస్తుంది, స్నానానికి వెళ్తుంది. మెట్లు మాత్రం దిగలేదు. ఆ మేడకి లిఫ్టు లేదు.

"ఒరే," అంది ఫోనులో. గొంతు కొంచెం తగ్గింది. "ఎప్పుడూ వాళ్ళనేనా గేటు దగ్గర నిలబెట్టటం? నన్నూ ఓసారి కూర్చోబెట్టరా. కాగితం మీద కాదు, మన గేటు దగ్గర. కాసేపు. వచ్చేపోయేవాళ్ళని చూస్తాను. నా బతుకంతా చేతులే చూశాను, మనుషుల్ని చూడలేదు."

ఇది కొత్త మాట కాదు. చాలా కాలంగా అడుగుతూనే ఉంది. జనాభా ముద్ద పక్కన పెట్టాడు.

"మలుపు దగ్గర కుర్చీ తిరగదక్కా. గీసి చూశాను గదా. నాలుగు వేళ్ళ జాగా తక్కువ."

"నాలుగు వేళ్ళేగదరా."

"ఎన్ని వేళ్ళయినా గోడ గోడే గదా."

అవతల ఆమె ఊపిరి వినిపించింది, కొంచెం బరువుగా.

"మళ్ళీ ఓసారి గియ్యరా," అంది అక్క. "ఈసారి కాస్త జాలిపడి గియ్యి."

డబ్బా సగం తిని మూసేశాడు. అందరూ ఇంకా భోజనాల దగ్గరే ఉన్నారు. జనాభా కంప్యూటర్లో ఒక మూల దాచుకున్న బొమ్మ తెరిచాడు. అది తామున్న మేడ మెట్ల బొమ్మ. ఒక ఆదివారం తెల్లారకముందే, ఇరుగుపొరుగు లేవకముందే, టేపు పట్టుకుని తనే కొలిచాడు. ఎవరైనా చూస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. మెట్లు వెడల్పుగానే ఉన్నాయి. రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య మలుపులోనే వచ్చింది చిక్కు. అక్కడ ఎవరో ఎప్పుడో గోడలోంచి కరెంటు పెట్టెల్ని ముందుకి తోసి కట్టారు. దాన్ని తప్పించుకుని కుర్చీ తిరగాలి.

కుర్చీ బ్లాకు దించాడు. అందులో ఆడమనిషి బ్లాకుని కూర్చోబెట్టాడు. పైనుంచి చూస్తే మనిషంటే ఒక గుండ్రటి తల, రెండు భుజాలు, ముందుకి వచ్చిన మోకాళ్ళు. ముందొకడు, వెనకొకడు, బరువు మోసే జతని నిలబెట్టాడు. వాళ్ళని మెల్లగా మెట్టు మెట్టూ దింపుకుంటూ వచ్చాడు. మలుపు దగ్గర కొద్దికొద్దిగా తిప్పాడు. ఆడమనిషి మోకాళ్ళు కరెంటు పెట్టెకి తగిలాయి. వెనక్కి జరిపితే మోసేవాడి మోచెయ్యి గోడలో దూరింది. ఏటవాలుగా తిప్పినా అంతే. నాలుగు వేళ్ళు. ఎప్పుడు గీసినా అవే నాలుగు వేళ్ళు.

అతని చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళింది. పొద్దున హాల్లో వాళ్ళని తగ్గించిన మీటే. ఆడమనిషిని ఓ పిసరు తగ్గిస్తే చాలు, కుర్చీ హాయిగా తిరిగిపోతుంది. వేలు మీట మీద ఆనించి ఆగిపోయాడు. కొనేవాళ్ళని మోసం చేసినట్టు అక్కని మోసం చేయటానికి మనసొప్పలేదు. నడిమెట్లలో ఇరుక్కుపోతే ఏంగాను? ఆమెని పైకీ కిందికీ కాకుండా అక్కడ నిలబెట్టి, చుట్టూ జనం చేరి, తలా ఒక మాట అంటుంటే? చెయ్యి తీసేశాడు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు వేళ్ళు అతనికి కొంత ఊరట కూడా. కుర్చీ తిరిగేట్టయితే దాన్ని మొయ్యటానికి ఇద్దరు మనుషులు కావాలి. బొమ్మలో అయితే మోసే జత చేతిలోనే ఉంది. మేడలో ఎవరున్నారు? ఎదురింటావిణ్ణి చూస్తే తలొంచుకుని మెట్లు దిగిపోతాడు. కింద దుకాణంలో దర్జీ రోజూ నమస్కారం పెడతాడు, తను ఓ సారి తలాడించి సాగిపోతాడు. అలాంటిది వాళ్ళ తలుపు తట్టి, మా అక్కని కాస్త కిందికి దింపుతారా అని అడగటం అతనివల్ల అయ్యే పని కాదు. ఎన్నోసార్లు మనసులో అనుకుని చూశాడు. మొదటి మాట దగ్గరే నోరు పెగలదు. అందుకే బొమ్మ వద్దన్న ప్రతిసారీ, అతని గుండెలో ఏదో బరువు దిగినట్టు ఉండేది, ఆ వెంటనే సిగ్గేసేది.

బొమ్మ మూసేసి ఆఫీసు పనిలో పడ్డాడు. మేడ మీద ఈతకొలను చుట్టూ జనం కావాలన్నారు. ఈదేవాళ్ళు తన దగ్గర లేరు, ఒడ్డున కూర్చునేవాళ్ళే ఉన్నారు. ఒక్కొక్కర్నీ అంచుల మీద కూర్చోబెడుతుండగా మళ్ళీ ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఏమండీ, మీ ఎదురింటి నుంచి మాట్లాడుతున్నాను," అంది ఒక గొంతు. అన్నేళ్ళలో ఆ గొంతుని ఇంత దగ్గరగా వినటం అదే మొదలు. "మీ అక్కగారికి ఆయాసంగా ఉంది. నన్ను పిలిచారు. అంబులెన్సుకి చెప్పాం, వస్తోంది. మీరు బయల్దేరండి. కంగారు పడకండి, నేను పక్కనే ఉన్నాను."

జనాభా లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పక్కసీటావిడ ఏమైందని అడిగింది. అక్క, అని మాత్రం అనగలిగాడు. ఆవిడే అతని డబ్బా సంచీలో పెట్టి చేతికిచ్చి, లిఫ్టు దాకా వచ్చి మీట నొక్కింది. తెర మీద ఈతకొలను అలాగే ఉండిపోయింది.

అతను వెళ్ళేసరికి మేడ ముందు అంబులెన్సు ఆగి ఉంది. స్ట్రెచరు మెట్ల మొదట్లో గోడకి నిలబెట్టి ఉంది, అది మొదటి మలుపే తిరగలేదట. జనాభా పైకి పరిగెత్తాడు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. వాళ్ళింట్లో అంతమంది మనుషుల్ని అతను ఎప్పుడూ చూడలేదు. ఎదురింటావిడ అక్క వీపు రాస్తోంది. అంబులెన్సు మనిషి ఆమె ముక్కుకి ఆక్సిజను గొట్టం తగిలిస్తున్నాడు. దర్జీ మెడలో టేపుతోనే తన దుకాణంలోంచి ఒక చేతుల కుర్చీ మోసుకొచ్చాడు, బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూర్చునే చెక్క కుర్చీ.

"ఇందులో కూర్చోబెట్టి దింపేద్దాం సార్," అన్నాడు దర్జీ.

"తిరగదండీ," అన్నాడు జనాభా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మలుపు దగ్గర... కరెంటు పెట్టెలు... నేను గీసి చూశాను."

అంబులెన్సు మనిషికి ఆ మాట అర్థం కాలేదు. "ఏంటి సార్ తిరగనిది? ముందు పట్టుకోండి," అన్నాడు. దుప్పటి తీసి పక్కన పెట్టి, ఒక చెయ్యి వీపు కిందా ఒక చెయ్యి మోకాళ్ళ కిందా పెట్టి అక్కని ఒక్కడే ఎత్తాడు. పిల్లని ఎత్తినట్టు ఎత్తాడు. ఆమెని కుర్చీలో కూర్చోబెడితే అటో గుప్పెడు, ఇటో గుప్పెడు చోటు మిగిలింది.

జనాభా అక్కని చూశాడు. రోజూ చూసే మనిషే. దుప్పట్లో, కిటికీ పక్కన, మసక వెలుతురులో రోజూ చూసే మనిషే. ఈ భుజాలు ఎప్పుడు ఇంత చిన్నవైపోయాయో, ఈ మణికట్టు ఎప్పుడు ఇంత సన్నబడిందో అతను చూడలేదు. అతని కళ్ళలో ఆమె ఇంకా టిక్కెట్ల గది నిండా కూర్చునే అక్కే.

దర్జీ ముందు, అంబులెన్సు మనిషి వెనక పట్టుకున్నారు. జనాభా గొట్టం తగిలించిన సీసా పట్టుకుని పక్కన నడిచాడు. మూడో అంతస్తు దాటారు, రెండోది దాటారు. మలుపు వచ్చింది. అతను చెయ్యి ముందుకి చాపి కరెంటు పెట్టె అంచుని మూసి పట్టుకున్నాడు, ఆమె మోకాలు తగలకూడదని. దర్జీ కొంచెం పక్కకి ఒరిగాడు. కుర్చీ తిరిగింది. ఆమె మోకాలికీ అతని చేతికీ మధ్య ఇంకా జాగా ఉంది. వెనక పట్టుకున్న మనిషి మోచేతికి కూడా గోడ తగల్లేదు. ముగ్గురూ ఒక్క ఊపులో మలుపు దాటి కిందికి దిగిపోయారు. ఎవరూ ఆగలేదు, అక్కడ ఆగవలసిందేమీ ఉన్నట్టు వాళ్ళకి తెలియదు.

బొమ్మలో కూర్చున్నది అక్క కాదు. ఏ హాల్లోనైనా, ఏ సోఫా మీదైనా కూర్చోబెట్టే మామూలు ఆడమనిషి. ఇన్నాళ్ళూ ఆ మనిషి మోకాళ్ళు అడ్డమొచ్చి అక్క పైనే ఉండిపోయింది. ఈ సంగతి జనాభాకి ఆ మెట్ల మీదే, సీసా చేత్తో పట్టుకుని దిగుతుండగానే తెలిసిపోయింది.

కింద బండి ఒకటి అడ్డం ఉంది. అంబులెన్సు వెనక్కి తిరగటానికి కాసేపు పట్టేట్టుంది. గేటు పక్కన కుర్చీ దింపారు. సాయంత్రపు ఎండ నేల మీద ఏటవాలుగా పడుతోంది. స్కూళ్ళు వదిలిన వేళ. పిల్లలు సంచులు ఈడ్చుకుంటూ పోతున్నారు. ఒకావిడ కూరల సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటోంది. ఎవరో ఇద్దరు సైకిలు గొలుసు ఊడితే తలకాయలు దగ్గరపెట్టి చూస్తున్నారు. అక్క ఊపిరి కోసం కష్టపడుతూనే, ఒక్కొక్కర్నీ చూసింది. పోయేవాళ్ళతో పాటు ఆమె కళ్ళు వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొకర్ని అందుకున్నాయి. కూరల సంచీ ఆవిడ ఆగి, ఏమైందని కళ్ళతోనే అడిగింది. అక్క తలూపింది, ఏమీ లేదన్నట్టు.

తర్వాత జనాభా వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు. అదే అతన్ని ముక్కలు చేసింది.

"ఇంత తేలికేనట్రా?" అంది.

అతనికి చెప్పాలనిపించింది. బొమ్మ గురించి, కొలత గురించి, ఎవరి తలుపూ తట్టలేకపోవటం గురించి. నోరు తెరిచాడు.

"అవునక్కా," అన్నాడు.

ఆమె మళ్ళీ వీధి వైపు తిరిగింది. అంబులెన్సు వచ్చి ఆగింది.

ఆస్పత్రిలో మంచం మీదికి మార్చేటప్పటికే ఊపిరి ఆగిపోయింది. ఎప్పుడాగిందో పక్కనే చెయ్యి పట్టుకుని కూర్చున్న జనాభాకి తెలియలేదు. డాక్టరు వచ్చి చూసి, తెర లాగి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. నర్సు అతన్ని వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మీతో ఇంకెవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది.

"లేరండీ," అన్నాడు.

"ఎవరికైనా ఫోను చెయ్యాలా?"

ఫోను జేబులోంచి తీశాడు. రోజూ మధ్యాహ్నం తనకి ఫోను చేసే ఒక్క మనిషీ తెర వెనక ఉంది. ఎదురింటావిడ నంబరు మాత్రం పైన కనిపిస్తోంది, పేరు లేకుండా. దాని వంక చాలాసేపు చూశాడు. ఏమని చెప్పాలో మాటలు కూర్చుకున్నాడు. అప్పటికీ వేలు కదల్లేదు. నర్సు ఇంకో రోగి పిలిస్తే వెళ్ళిపోయింది. అక్క చీర ఒకటి తెమ్మని ఆస్పత్రివాళ్ళు చెప్పింది గుర్తొచ్చి లేచాడు.

అతను వీధి మలుపు తిరిగేసరికి దీపాలు వెలిగాయి. దుకాణంలో మిషను చప్పుడు వినిపిస్తోంది. లోపల ఎవరో నిలబడే కొలతలిస్తున్నారు. జనాభా దుకాణం ముందు ఆగాడు. దర్జీ తలెత్తి, అతని మొహం చూసి, మిషను ఆపేశాడు. కొలతలిస్తున్న మనిషి కూడా ఏమీ అడక్కుండా పక్కకి జరిగాడు.

"మా అక్క..." అన్నాడు జనాభా. తర్వాతి మాట రాలేదు. రానవసరం కూడా లేకపోయింది. దర్జీ లేచి గడప దాకా వచ్చి నిలబడ్డాడు. దర్జీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెడలో టేపు రెండు కొసలూ పట్టుకున్నాడు.

చీర తీసుకోవటానికి పైకి వెళ్ళాలి. జనాభా గేటు వైపు నడిచాడు. దర్జీ కుర్చీని లోపలికి తెచ్చుకోలేదు. దించినచోటే, వీధి వైపు తిరిగి, చేతుల మీద నీలం దారపు పోగులు అంటుకుని అలాగే ఉంది. వచ్చేపోయేవాళ్ళు దానికి తగలకుండా కాస్త పక్కకి తొలగి నడుస్తున్నారు.